ఎర్ర ముడి

మా ఊరు వూచ్.
పోలిష్‌లో పడవ అని అర్థం.
నదుల్ని మాత్రం మిల్లుల కింద ఎప్పుడో కప్పెట్టేశారు.
నీళ్ళు లేని పడవలో పుట్టినదాన్ని,
తప్పుల గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇరవై ఆరేళ్ళు తప్పులు పట్టడమే నా ఉద్యోగం.
వెలుగుబల్ల మీద థాను జారుతుంటే
తప్పిన పేక, తెగిన పడుగు, నూనె మరక,
ఈగ తలంత నూలు ఉండ,
కంటికేది తగిలినా
అక్కడ అంచుకి ఒక ఎర్రదారం ముడి.
ముడికింత అని నేసినవాళ్ళ జీతంలో కోత.
నా వెనక నన్ను సాలెపురుగు అనేవాళ్ళు.
నా ముందు ఏమీ అనేవాళ్ళు కాదు.

ఇప్పుడు మిల్లు లేదు, గోడలున్నాయి.
మగ్గాలు నిలబడ్డ చోట నేల నున్నగా చేశారు.
బోల్టులు పీకిన గుంటల్ని మాత్రం పూడ్చలేదు,
అవి అందంగా ఉన్నాయట.
ఇది ఆధునిక కళల మ్యూజియం.
మూల కుర్చీలో కూర్చుని
"దయచేసి ముట్టుకోకండి" అన్నందుకు
నాకు నెలకింత.

మార్చిలో కలీనా వచ్చింది.
ముప్పై ఏళ్ళ పిల్ల, ఒక్క చెవికే పోగు.
పాత గోదాములో దొరికిన ఏడు థాన్లని
పైకప్పు నుంచి వేలాడదీసింది.
రంగు వెయ్యలేదు, కత్తెర పెట్టలేదు.
అన్నీ నేను పక్కకి తోసేసినవే.
అంచులనిండా నా ముళ్ళు.

"మంచి బట్ట పెట్టలేదేం?" అన్నాను.
"మిగల్లేదు" అంది.
నిజమే.
మంచిదంతా దుప్పట్లయింది, చొక్కాలయింది,
పొత్తిగుడ్డలయింది,
నేల తుడిచి తుడిచి పీలికలయింది.
ఎవరూ కొననిదే
ఇన్నాళ్ళు బతికింది.

నాలుగో థాను వైపు నేను కుర్చీ తిప్పుకోను.
మోకాలెత్తున, జానెడు మేర పేక లేదు.
పడుగు పోగులొక్కటే, వాయించని తీగల్లా.
రెండువందల పన్నెండో మగ్గం, జనవరి తెల్లవారుజాము.
గెనొవేఫా నిలబడే నిద్రపోయింది.
ఇంట్లో పిల్లాడికి మూడ్రోజులుగా జ్వరమని
నాకు తెలుసు.
ముడి వేశాను.
ఆ తర్వాత క్యాంటీన్లో ఆవిడ
నాకు వీపు పెట్టుకునే రొట్టె తింది,
పదకొండేళ్ళు.

సాయంత్రం కిటికీ ఎండ ఆ జానెడులోంచి దూరి
నేల మీద చారలు చారలుగా పడుతుంది.
బడిపిల్లలు చారలు తొక్కకుండా గెంతుతారు.
ఒక పెద్దమనిషి దాని ముందు టోపీ తీశాడు.
నాకు నవ్వొచ్చింది.
రెండోరోజూ వచ్చి తీశాడు. ఈసారి రాలేదు.

కబురు పెడితే గెనొవేఫా ట్రాములో వచ్చింది, చేతికర్రతో.
చాలాసేపు చూసింది.
"వంకరగా కట్టారు" అంది.
"దీని ధరెంత?"
కలీనా చెప్పింది.
"అయితే నా పద్ధెనిమిది జ్లోటీలు నాకిచ్చెయ్యి" అని
చెయ్యి చాచింది, కలీనా వైపు కాదు.
పర్సులో ఇరవై నోటుంది.
మడిచి కోటులో పెట్టుకుంది.
ఆ రెండూ వడ్డీ అంది.

ఇది మాత్రం ఇద్దరికీ చెప్పలేదు.
ఆరో థానులో, అంచుకి రెండు వేళ్ళ ఇవతల
రెండు పోగులు ఒకదాన్నొకటి దాటి
మళ్ళీ తమ దారికి రాలేదు.
అక్కడ ముడి లేదు.
జాలిపడి వదిలి ఉండను, నా సంగతి నాకు తెలుసు.
చూడలేదు, అంతే.
ఆ పూట నా కళ్ళు ఎక్కడున్నాయో,
ఏ దిగులులో ఉన్నాయో,
నా మీద ముడి వేసేవాళ్ళు ఎవరూ లేరు కదా,
గుర్తు లేదు.

ఇవాళ ఇంటి నుంచి ఎర్రదారం తెచ్చాను.
మూసే గంట మోగింది. హాల్లో నేనొక్కదాన్నే.
మునివేళ్ళు బట్టదాకా వెళ్ళాయి.
"దయచేసి ముట్టుకోకండి"
అన్నాను, పైకే.

చివరి ట్రాము తప్పిపోయింది.
నడిచాను.